గోడ మీది చికిత్స చార్టు ఇంకా చెల్లుతుందా? పాతది దింపి కొత్తది ఎక్కించే పద్ధతి

"సారూ, టీబీ చార్టు మళ్ల మారిందట గదా, గోడ మీదిది తీసెయ్యాల్నా?"

నెలకు రెండుసార్లైనా నాకు ఈ ఫోన్ వస్తుంది. ఒకసారి చండూరు నుంచి, ఇంకోసారి మక్తల్ నుంచి. అడిగేది ఫార్మసిస్టులు, స్టాఫ్ నర్సులు, పల్లె దవాఖానల్లో కొత్తగా చేరిన డాక్టర్లు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాసి పెడుతున్నాను.

నేను డాక్టర్‌ని కాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పీహెచ్‌సీల్లో ఫార్మసిస్టుగా పనిచేసినవాణ్ణి. కాబట్టి ఏ జబ్బుకు ఏ మందు వాడాలో ఇక్కడ చెప్పను. ఉదాహరణల్లో మందుల పేర్లు, లెక్కలు వస్తాయి, కానీ వాటిని చూసి ఎవరికీ మందు ఇవ్వకండి. మీ చేతిలో ఉన్న కాగితం చెల్లుతుందో లేదో ఎలా తేల్చుకోవాలి, చెల్లనిదాన్ని ఎలా దింపాలి, ఇంతవరకే నా పని.

ముందు ఇది తెలియాలి

జీవో అయితే "ఫలానా నంబరు జీవోను రద్దు చేస్తూ" అని అందులోనే రాసి ఉంటుంది. చికిత్స గైడ్‌లైన్ ఎక్కువసార్లు అలా రాదు. కొత్త పుస్తకాన్ని వెబ్‌సైట్‌లో పెడతారు, పాత పుస్తకం అదే వెబ్‌సైట్‌లో ఇంకో మూలన అలాగే పడి ఉంటుంది. గూగుల్‌లో వెతికితే పాతదే ముందు వచ్చినా ఆశ్చర్యం లేదు.

ఇంగ్లండ్‌లో నైస్ అనే సంస్థ ఉంది. అక్కడ చికిత్స గైడ్‌లైన్లు చాలావరకు అదే రాస్తుంది. 2011లో ఇచ్చిన బీపీ గైడ్‌లైన్ స్థానంలో 2019లో కొత్తది తెచ్చినప్పుడు దాని నంబరే మార్చేసి, పాతదాని దగ్గర "దీని బదులు ఇది చూడండి" అని పెట్టింది. మన దగ్గర అలా అన్నీ ఒకే కొట్టులో దొరకవు. టీబీకి సెంట్రల్ టీబీ డివిజన్, మలేరియాకూ బోదకాలుకూ ఎన్‌సీవీబీడీసీ, హెచ్‌ఐవీకి నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ), కుక్కకాటుకు ఎన్‌సీడీసీ. ఇవి కాక ఐసీఎంఆర్ 2019 నుంచి ఒక్కో జబ్బుకు ఒక్కో పేజీ చొప్పున చికిత్స చార్టులు విడుదల చేస్తోంది. ఏ జబ్బు కాగితమైతే ఆ జబ్బు చూసే సంస్థ దగ్గరికే వెళ్లాలి. వేరే దారి లేదు.

కావాల్సినవి

- ఒక నోట్‌బుక్, లావుపాటి ఎర్ర మార్కర్, ఒక బాక్స్ ఫైలు
- ఫోన్ కెమెరా
- ఈ-ఔషధి (మందుల స్టాక్ చూసే ఆన్‌లైన్ పద్ధతి) లాగిన్, లేదా స్టాక్ రిజిస్టర్
- జిల్లా ప్రోగ్రామ్ ఆఫీసర్ల నంబర్లు, మీ టీబీ యూనిట్ ఎస్‌టీఎస్ (టీబీ చికిత్సను పర్యవేక్షించే సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్) నంబరు తప్పనిసరి
- మెడికల్ ఆఫీసర్ అనుమతి, చివర్లో ఆయన సంతకం
- రెండు మధ్యాహ్నాలు. సోమవారం, సంత రోజు పెట్టుకోకండి, ఓపీ తెమలదు.

1. దవాఖాన అంతా తిరిగి కాగితాలు లెక్కపెట్టండి

గోడలతో ఆగకండి. డాక్టర్ టేబుల్ అద్దం కింద, ఫార్మసీ కిటికీ లోపలి వైపు, లేబర్ రూమ్ తలుపు వెనక, ఇంజెక్షన్ ట్రే పక్కన, బీరువా తలుపుకు లోపల, అన్నీ చూడండి. అద్దం కిందివి మరీ ముదురు. నలుగురు డాక్టర్లు మారినా ఆ కాగితం కదలదు. సబ్‌సెంటర్లలో ఉన్నవాటికి ఏఎన్ఎంలను ఫొటోలు పంపమనండి.

ప్రతి కాగితానికీ ఫొటో తీసి, నోట్‌బుక్‌లో ఒక వరుస రాయండి: ఏ జబ్బు, ఎక్కడ ఉంది, ఎవరు ఇచ్చారు, ఏ నెల ఏ సంవత్సరం. తేదీ లేకపోతే "తేదీ లేదు" అని రాయండి, ఊహించి రాయొద్దు. ఫోన్లలో ఉన్న పీడీఎఫ్‌లు కూడా లెక్కలోకి వస్తాయి. వాట్సాప్ గ్రూపులో రెండేళ్ల కింద వచ్చిన ఫొటోనే ఇప్పటికీ జూమ్ చేసి చూసేవాళ్లు ప్రతి స్టాఫ్‌లోనూ ఒకరుంటారు.

2. కాగితం వయసు పట్టుకోండి

తేదీ ఉంటే మంచిదే. లేకపోతే ఈ గుర్తులు చూడండి. ఇందులో నాకు కొంచెం సరదా కూడా ఉందని ఒప్పుకుంటాను.

పైన "ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం" అని ఉంటే అది 2014 జూన్‌కు ముందుది. గద్వాలలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఉన్న పీహెచ్‌సీలో "మహబూబ్‌నగర్ జిల్లా" అని ముద్ర ఉంటే 2016 అక్టోబర్‌కు ముందుది. సూర్యాపేటలో "నల్లగొండ జిల్లా" అని ఉన్నా అదే లెక్క. నారాయణపేటలో అయితే 2019 దాకా కూడా మహబూబ్‌నగర్ పేరే ఉండొచ్చు, ఎందుకంటే ఆ జిల్లా అప్పుడే వచ్చింది.

టీబీ కాగితంపై "ఆర్‌ఎన్‌టీసీపీ" అని ఉంటే 2020కి ముందుది. ఆ కార్యక్రమం పేరు 2020 జనవరిలో ఎన్‌టీఈపీగా మారింది. టీబీకి "క్యాటగిరీ 1, క్యాటగిరీ 2" అనీ, "వారానికి మూడు రోజులు" అనీ ఉంటే ఇంకా పాతది. దేశమంతా రోజువారీ మందుల పద్ధతికి 2017 చివర్లో మారింది. క్యాటగిరీ 2లో రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ సూదులుండేవి, ఆ క్యాటగిరీయే ఇప్పుడు లేదు.

మలేరియా చార్టులో ఫాల్సిపారం రకానికి (ప్రాణం మీదికి తెచ్చే మలేరియా ఇదే) క్లోరోక్విన్ అని ఉందా? వెంటనే దింపాల్సిన జాబితాలో రాయండి. అచ్చంపేట వైపు, నల్లమల చెంచు పెంటల్లో (గూడేల్లో) తిరిగే స్టాఫ్ దీన్ని మరీ జాగ్రత్తగా చూడాలి. గర్భిణుల ఐరన్ గోలీ చార్టులో 100 మిల్లీగ్రాములు అని ఉంటే అది 2018లో అనీమియా ముక్త్ భారత్ రాకముందుది, అప్పటి నుంచి లెక్క 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్.

హెచ్చరిక: పాతదిగా కనిపించినంత మాత్రాన చెల్లదని కాదు. ఇంకో రకమైన వైవాక్స్ మలేరియాకు క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు అనే మాట ఏళ్ల తరబడి నిలిచే ఉంది. వయసు చూస్తే అనుమానం వస్తుంది, అంతే. తేల్చేది తర్వాతి మెట్టు.

3. దాన్ని ఇచ్చిన సంస్థ దగ్గర ఇప్పుడేముందో చూడండి

గూగుల్‌లో చార్టు బొమ్మ వెతకొద్దు. ఆ సంస్థ వెబ్‌సైట్‌కే వెళ్లి గైడ్‌లైన్ల పేజీ తెరవండి. పూర్తి పుస్తకం దించుకోండి. మొదటి పది పేజీల్లో మూడు విషయాలు వెతకండి: విడుదలైన నెల, సంవత్సరం, ముందుమాటలో "పాత గైడ్‌లైన్ స్థానంలో" అన్న అర్థం వచ్చే వాక్యం, "ఈసారి మారినవి" అనే పట్టిక. ఆ పట్టిక ఉంటే మీ పని సగం అయిపోయినట్టే.

పుస్తకం తర్వాత వచ్చిన ఉత్తరాలు కూడా చూడాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పుస్తకం 2021దే కావచ్చు, దాని తర్వాత వచ్చిన ఒక్క పేజీ ఉత్తరం అందులోని ఒక అధ్యాయాన్ని మార్చేసి ఉండొచ్చు. కుష్ఠు విషయం చూడండి. మచ్చలు తక్కువగా ఉన్న పీబీ కేసులకు ఎన్నో ఏళ్లుగా రెండు మందులే ఇచ్చేవాళ్లం. 2025 ఏప్రిల్ 1 నుంచి వాళ్లకూ మూడు మందులు, ఆరు నెలలు. మీ బీరువాలో ఉన్న పాత పుస్తకం ఆ సంగతి మీకు చెప్పదు.

నెట్ అందని చోట ఉంటే: జిల్లా ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు ఫోన్ చేసి "ఇప్పుడు అమల్లో ఉన్న గైడ్‌లైన్ పేరు, నెల, సంవత్సరం చెప్పండి" అని అడగండి. "చార్టు మారిందా?" అని అడిగితే "మారలేదనుకుంటా" అని జవాబొస్తుంది. పేరు, తేదీ అడిగితే అవతలివాళ్లు ఫైలు తీసి చూడక తప్పదు.

4. ఇది ఏ రకం మార్పో తేల్చండి

అసలు తకరారంతా ఇక్కడే. కొత్తది వచ్చిందనగానే పాతదంతా చించేసేవాళ్లు కొందరు, ఏదీ చించనివాళ్లు కొందరు. మార్పు ఏ రకమో తెలిస్తే రెండు తప్పులూ తప్పుతాయి.

మొత్తానికి మొత్తం మారినవి. టీబీలో వారానికి మూడు రోజుల పద్ధతి పోయి రోజువారీ రావడం ఇలాంటిదే. పాత చార్టులో ఒక్క గీత కూడా మిగలదు, మొత్తం దింపేయాలి.

పేరు అదే, లోపల లెక్క మారినవి. అన్నిటికంటే ప్రమాదం ఇవే, నేను దెబ్బ తిన్నదీ ఇక్కడే. రోజువారీ టీబీ గోలీలు వచ్చిన కొత్తలో 25 నుంచి 39 కిలోల మనిషికి రోజుకు రెండు గోలీలు అని చార్టు. తర్వాత ఆ బరువుల లెక్కే మారింది: 25 నుంచి 34 కిలోల దాకా రెండు, 35 నుంచి 49 దాకా మూడు. గోలీ అదే, డబ్బా అదే, రంగూ అదే. ఒక పీహెచ్‌సీలో నేను గోడ మీది మొదటి చార్టే చూసి, 37 కిలోల ఆమెకు పది రోజులు రెండేసి గోలీల చొప్పున ఇచ్చాను. ఎస్‌టీఎస్ వచ్చి కార్డు చూసి "ఇదేంది, మూడుండాలె గదా" అన్నాడు. మూడో గోలీ ఆ రోజే మొదలైంది. ఆమెకు ఏమీ కాలేదు కానీ ఆ పది రోజులు నాకు ఇప్పటికీ గుర్తే. తప్పు నాదే. చార్టు ఉంది కదా అని తేదీ చూడలేదు.

ఒక భాగాన్ని మాత్రం వెనక్కి తీసుకున్నవి. కరోనాకు ప్లాస్మా (కోలుకున్నవాళ్ల రక్తంలోంచి తీసి ఎక్కించేది) సంగతి అందరికీ తెలిసిందే. ఐసీఎంఆరే 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగుల మీద పరీక్షించింది. జబ్బు ముదరడాన్ని గానీ, మరణాన్ని గానీ ప్లాస్మా ఆపలేదని 2020 అక్టోబర్‌లో ఫలితం ప్రచురించారు. గైడ్‌లైన్‌లోంచి ప్లాస్మాను తీసేసింది మాత్రం 2021 మే 17న. మధ్యలో ఏడు నెలలు. ఆ ఏడు నెలలు, అందులోనూ సెకండ్ వేవ్‌లో, ప్లాస్మా కోసం జనం హైదరాబాద్ దాకా ఎలా పరిగెత్తారో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పరిశోధన ముందు వస్తుంది, కాగితం వెనక వస్తుంది. అలాగని పేపర్లో పరిశోధన వార్త చదివి మీరే గోడ మీది గీత కొట్టేయకండి. మెడికల్ ఆఫీసర్‌కు చూపించండి, జిల్లాకు రాయించండి.

పాతది ఉండగానే కొత్తది పక్కన చేరినవి. మందులకు లొంగని టీబీకి బీపాల్‌ఎం అనే ఆరు నెలల చికిత్సను కేంద్ర ఆరోగ్య శాఖ 2024 సెప్టెంబర్‌లో ఆమోదించింది. అంతకుముందు 20 నెలల దాకా పట్టేది. అయితే ఆ చికిత్స అందరికీ సరిపడదు, కొందరికి పాత పద్ధతులే వాడాలి. ఇక్కడ పాతదాన్ని పారేస్తే అలాంటివాళ్లకు చూపించే కాగితమే ఉండదు. "ఎవరికి ఇది, ఎవరికి అది" అన్న పేజీని రెండింటికీ పైన పెట్టండి.

అసలు గైడ్‌లైనే కానివి. మందు నిషేధం గెజిట్‌లో వస్తుంది, డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 26ఎ కింద. పన్నెండేళ్ల లోపు పిల్లలకు నిమెసులైడ్ 2011లో అలా ఆగింది. 2024 ఆగస్టులో 156 కాంబినేషన్ మందులు అలాగే పోయాయి. వీటికి చికిత్స చార్టు మారేదాకా ఆగనక్కర్లేదు, గెజిట్ వచ్చిన రోజే షెల్ఫ్ ఖాళీ చేయాలి. కానీ అత్యవసర మందుల జాతీయ జాబితాలోంచి ఒక మందును తీసేస్తే అది నిషేధం కాదు. 2022 జాబితాలో 384 మందులున్నాయి, అంతకుముందున్న 26 తీసేశారు, వాటిలో రానిటిడిన్ ఒకటి. "రానిటిడిన్ బ్యాన్ అయింది" అని మెసేజ్‌లు తిరిగింది అప్పుడే. బ్యాన్ కాలేదు, జాబితాలోంచి పోయిందంతే. ఈ రెండింటినీ కలిపేయొద్దు.

ఇక ఎవరూ రద్దు చేయకుండానే మూల పడ్డవి కొన్ని. ఫ్లోరైడ్ నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే, నల్లగొండ టెక్నిక్. ఇప్పుడు భగీరథ నల్లా వచ్చిన ఊళ్లో ఆ పోస్టర్ ఎవరికీ పనికిరాదు, అలాగని తప్పూ కాదు. ఇలాంటివాటిని తీసి ఫైల్లో పెట్టండి, ఎర్ర గీత అక్కర్లేదు.

5. కాగితం తేదీ వేరు, అమలు తేదీ వేరు

ప్రతి కొత్త ఆర్డర్‌లో రెండు తేదీలు వెతకండి: ఎప్పుడు రాశారు, ఎప్పటి నుంచి చేయాలి. కుష్ఠు మార్పు సంగతి ముందే చెప్పి, అమలు మాత్రం 2025 ఏప్రిల్ 1 నుంచి పెట్టారు. ఆ మధ్య కాలంలో పాత చార్టే చెల్లుతుంది. ముందే మారిస్తే స్టాక్ ఉండదు, రోగి చేతిలో సగం మందు ఉంటుంది.

ఇప్పటికే మందులు మొదలుపెట్టినవాళ్ల సంగతేమిటో కూడా ఆర్డర్‌లో చూడండి. కొన్నిసార్లు "కొత్త కేసులకే" అని ఉంటుంది, కొన్నిసార్లు అందర్నీ మార్చమంటారు. ఏమీ రాయకపోతే మీరు తేల్చకండి. కోర్సు మధ్యలో మార్చడం డాక్టర్ పని, అదీ ప్రోగ్రామ్ ఆఫీసర్‌ని అడిగాక.

గైడ్‌లైన్ వచ్చింది, మందు రాలేదు, అప్పుడు? ఇది మామూలే. ఈ-ఔషధిలో జిల్లా డ్రగ్ స్టోర్‌లో ఆ మందు ఉందో లేదో చూసి ఇండెంట్ పెట్టండి. ఈలోగా పాత పద్ధతి కొనసాగించాలా, రోగిని పెద్దాసుపత్రికి పంపాలా అన్నది మెడికల్ ఆఫీసర్‌తో రాయించుకోండి. నోటి మాట మీద నడపొద్దు.

6. రాష్ట్రం, జిల్లా ఏమన్నాయో జత చేయండి

కేంద్రం పుస్తకం ఒక్కటే సరిపోదు. ఒకే జాతీయ కాగితంలో రాష్ట్రాన్ని బట్టి వేర్వేరు చికిత్సలుంటాయి. ఫాల్సిపారం మలేరియాకు ఈశాన్య రాష్ట్రాల్లో ఆర్టెమెథర్-లూమెఫాంట్రిన్ అనీ, మిగతా దేశానికి ఆర్టెసునేట్‌తో సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ అనీ 2013 విధానంలో విడివిడిగా రాశారు. అస్సాం చార్టు దించుకుని కొల్లాపూర్‌లో అంటించినవాణ్ణి చూశాను. జాతీయ ముద్ర ఉంది కదా అని అతని వాదన!

డీఎంహెచ్‌వో ఆఫీసు మెమో ఉంటే దాని నంబరు, తేదీ మీ నోట్‌బుక్‌లో అదే వరుసలో రాయండి. రెండు పై కాగితాలే ఒకదానికొకటి పొసగకపోతే? జరిగింది. 2021 జూన్‌లో బయటికొచ్చిన డీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్) కరోనా గైడ్‌లైన్‌లో ఐవర్‌మెక్టిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ లేవు. ఎయిమ్స్, ఐసీఎంఆర్ పేరుతో ఉన్న ఇంకో గైడ్‌లైన్‌లో అవి సెప్టెంబర్ దాకా ఉన్నాయి. రెండూ కేంద్రానివే. ఇలాంటప్పుడు రెండూ గోడకు ఎక్కించొద్దు. జిల్లాకు రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చేదాకా దేన్ని పాటిస్తున్నామో మెడికల్ ఆఫీసర్ చేత ఫైల్లో రాయించండి.

7. పాతది దింపండి

ముందు దింపడం, తర్వాతే ఎక్కించడం. పాతదాని పక్కన కొత్తది అంటిస్తే చెయ్యి అలవాటు కొద్దీ పాతదాని వైపే పోతుంది. పాతదాని మీద కొత్తది అంటించినా వానాకాలం తేమకు పైది ఊడి కిందది బయటపడుతుంది.

ఒక్క కాపీ మాత్రం ఉంచండి. దాని మీద ఎర్ర మార్కర్‌తో అడ్డంగా "చెల్లదు" అని రాసి, ఏ తేదీ నుంచి, దీని బదులు ఏది అనేది రాసి బాక్స్ ఫైల్లో పెట్టండి. రేపు ఆడిట్‌లోనో, ఏదైనా కేసులోనో "ఆ రోజు మీరు ఎందుకు అలా ఇచ్చారు" అని అడిగితే ఆనాటికి అమల్లో ఉన్న కాగితం ఇదీ అని చూపించగలగాలి. మిగతా కాపీలు చించేయండి. సగం చించి వెనకవైపు చిత్తుకాగితంగా వాడటం మనవాళ్లకు అలవాటు. అది వద్దు. ఆ చిత్తుకాగితమే తిరిగి ఓపీ టేబుల్ మీదికి చేరడం నా కళ్లతో చూశాను.

ఫోన్లలో ఉన్నవీ తీయించండి. స్టాఫ్ గ్రూపులో పాత ఫొటోకు రిప్లై ఇచ్చి "ఇది చెల్లదు, తేదీ ఇంత" అని పెట్టండి, అప్పుడు వెతికినవాళ్లకు రెండూ కలిసి కనిపిస్తాయి.

8. కొత్తది ఎక్కించండి

డోసుల పట్టికను మళ్లీ టైప్ చేయొద్దు, చేత్తో రాయొద్దు. అసలు పేజీనే ప్రింట్ తీయండి. ఒక సున్నా జారితే గోడ మీద ఏడాది ఉంటుంది. ప్రింటర్ లేకపోతే మండల కేంద్రంలో జిరాక్స్ షాపులో పెద్దది చేయించండి, పది రూపాయల పని. తప్పనిసరిగా రాయాల్సి వస్తే ఒకరు రాసి, ఇంకొకరు అసలు కాగితంతో పోల్చి చదవాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి.

కింది మూలలో నాలుగు ముక్కలు రాయండి: ఇచ్చిన సంస్థ, నెల-సంవత్సరం, ఇక్కడ అంటించిన తేదీ, మళ్లీ చూడాల్సిన తేదీ. ఎక్స్‌పైరీ మందులు చూసే రోజునే దీనికీ పెట్టుకుంటే మరిచిపోరు. పైన మెడికల్ ఆఫీసర్ సంతకం.

9. చెప్పాల్సినవాళ్లకు చెప్పండి

స్టాఫ్‌కు, సబ్‌సెంటర్లకు, ఆశాలకు ఒకే మాటలో చెప్పండి: "మొన్నటి దాకా ఇది, రేపటి నుంచి ఇది." కారణాలు అడిగితే చెప్పండి, అడగకపోతే ఉపన్యాసం వద్దు.

రోగులకు చెప్పడం ఇంకో విద్య. కుక్క కరిచిన మనవణ్ణి తీసుకొచ్చిన ఒక అవ్వ "అప్పట్ల బొడ్డు సుట్టు పద్నాలుగు సూదులేసేటోళ్లు, ఇప్పుడు నాలుగుసార్లేనా? పేదోళ్లమని తక్కువ జేస్తున్రా?" అని నిలదీసింది. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004 చివరతోనే ఆగిపోయింది. ఇప్పుడు చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. ఆమెకు ఇవేవీ చెప్పకుండా "మందే మారింది అవ్వా, ఇది దానికంటే మంచిది, కానీ నాలుగుసార్లూ రావాలె, ఒక్కటి తప్పినా లాభం లేదు" అన్నాను. వచ్చింది, నాలుగుసార్లూ.

చికిత్స మారిందని విని మందు మానేసేవాళ్లు కూడా ఉంటారు. "మారింది" అన్న వెంటనే "మీరు వాడేది మానొద్దు, డాక్టర్‌ని కలిసేదాకా అదే వాడండి" అని జత చేయండి. ఊళ్లో ఆర్‌ఎంపీలకు కూడా ఒక మాట వేయండి, కరోనా పోయాక కూడా ఐవర్‌మెక్టిన్ రాసినవాళ్లున్నారు.

ఎక్కువగా చేసే తప్పులు

కొత్త తేదీ ఉన్న కాగితమే సరైనదనుకోవడం. ఎవరో పాత చార్టును ఈ ఏడాది తిరిగి ముద్రించినా దాని మీద ఈ ఏడాదే ఉంటుంది. ముద్రించిన తేదీ కాదు, లోపలి గైడ్‌లైన్ తేదీ చూడాలి.

ప్రైవేట్ మందుల కంపెనీ ఇచ్చిన రంగురంగుల చార్టును గోడకెక్కించడం. గోడ అందంగా ఉంటుంది, నిజమే. కానీ మారినప్పుడు మీకు చెప్పడానికి వాళ్లు రారు.

ముసాయిదాను అసలు అనుకోవడం. అభిప్రాయాల కోసం పెట్టిన ముసాయిదాలు కూడా పీడీఎఫ్‌లే. మొదటి పేజీలో "ముసాయిదా" అన్న అర్థమొచ్చే మాట ఉంటే దాన్ని గోడ దగ్గరికే రానివ్వకండి.

ఒక్క గదిలో మార్చి మిగతా గదులు మరిచిపోవడం. ఓపీలో కొత్తది, ఇంజెక్షన్ రూమ్‌లో పాతది ఉంటే రోగికి డాక్టర్ ఒకటి చెప్తాడు, నర్సు ఇంకొకటి చేస్తుంది. అంతకంటే రెండూ పాతవే ఉన్నా నయం, కనీసం తప్పు ఒకటే ఉంటుంది.

సరిగ్గా జరిగిందా, చూసుకోవడం ఎలా

నెల రోజులాగి మూడు పనులు చేయండి.

ఒకటి, చార్టు చూడకుండా ముగ్గురిని విడివిడిగా అడగండి: స్టాఫ్ నర్సును, ఒక ఏఎన్ఎంను, ఒక ఆశాను. ముగ్గురూ ఒకే జవాబు చెప్పాలి. వేర్వేరుగా చెప్తే వాళ్లను మందలించకండి. ఎక్కడో ఒక పాత కాగితం ఇంకా బతికే ఉందన్నమాట, దాన్ని వెతకండి.

రెండు, ఆ జబ్బుకు రాసిన గత పది ఓపీ చీటీలు తీసి కొత్త చార్టుతో పోల్చండి. టీబీ అయితే కార్డులో బరువు, గోలీల సంఖ్య పక్కపక్కన పెట్టి చూడండి. పదికి పది కుదరాలి. ఒకటి తేడా వచ్చినా డాక్టర్ కావాలనే అలా రాశారేమో ముందు అడగండి, రోగిని బట్టి మార్చే హక్కు ఆయనకుంది. కారణం చీటీలో రాసి ఉంటే అది తప్పు కాదు.

మూడు, ఇండెంట్ చూడండి. పాత చికిత్సకు మాత్రమే పనికొచ్చే మందు ఇంకా అడుగుతున్నారంటే గోడ మీద మారిందే తప్ప చేతిలో మారలేదు.

ఇక నాకు ఫోన్ చేసేముందు ఒక పని చేయండి. చార్టు మొత్తం ఫొటో కాకుండా దాని కింది మూల, పై ముద్ర, ఈ రెండూ దగ్గరగా తీసి పంపండి. సగం ప్రశ్నలకు జవాబు ఆ రెండు ఫొటోల్లోనే ఉంటుంది, మీరే చదువుకోవచ్చు.